వచ్చినవారికి వాచకం: అమెరికా ప్రయాణికులకు వ్యావహారిక ఆంగ్ల బోధన - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కొత్త దేశానికి వెళ్ళేవారికి అక్కడి వాడుకభాషను, దైనందిన జీవితాన్ని నేర్పే వాచకాలను సాధారణంగా ఉపయోగ గ్రంథాలుగానే చూస్తాం. విమర్శకు తగిన రచనలుగా పరిగణించం. అయితే ఈ వాచకాలు పదాలతోపాటు ఒక పాత్రను కూడా నేర్పుతాయి. కొత్తవారు ఎలా నిలబడాలో, ఏమి అడగవచ్చో, ఏమి అడగకూడదో నిర్ణయిస్తాయి. ద్రాక్షారామ క్షేత్రాన్ని ఆశ్రయించిన శ్రీనాథుని భీమేశ్వర పురాణం, మొగల్తూరు కథానాయకుణ్ణి విదేశానికి పంపిన మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశం, ఆంగ్లేయులకు తెలుగు నేర్పిన వ్యాకరణాలు, అమెరికాలో వలసదారుల కోసం వెలసిన బోధనా పద్ధతులు - వీటిని పక్కపక్కన ఉంచి, నేటి గోదావరి డెల్టా ప్రయాణికులకు అందుతున్న వ్యావహారిక ఆంగ్ల బోధనను అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వ్యావహారిక ఆంగ్లం, వలస, మర్యాద, వాచకం, ద్రాక్షారామం, బారిష్టరు పార్వతీశం.

1. ప్రస్తావన:

ద్రాక్షారామం, రామచంద్రపురం, మండపేట వంటి ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళేవారిని నేడు స్థూలంగా రెండు వర్గాలుగా చూడవచ్చు. చదువుకో, ఉద్యోగానికో వెళ్ళే యువతరం మొదటిది. వారి ఆంగ్లాన్ని కొలవడానికి పరీక్షలున్నాయి, ఆ పరీక్షలకు శిక్షణ కేంద్రాలున్నాయి. బిడ్డల దగ్గర కొన్ని నెలలు ఉండి రావడానికో, మనుమల పురిటికో సందర్శక వీసాపై వెళ్ళే తల్లిదండ్రులు రెండో వర్గం. వీరికి పరీక్ష లేదు కాబట్టి పాఠ్యప్రణాళికా లేదు. 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' తరహా పుస్తకం, కూతురు కాగితంపై రాసి ఇచ్చిన పది వాక్యాలు, ఇంతకుముందు వెళ్ళి వచ్చిన వియ్యపురాలు చెప్పిన జాగ్రత్తలు - ఇవే వీరి వాచకాలు.

ఈ సామగ్రిలో లోపాలు ఎంచడం తేలిక. కానీ ఏ ప్రమాణంతో ఎంచుతున్నామో ముందుగా తేల్చుకోకపోతే ఆ విమర్శ ఉచ్చారణ దోషాల దగ్గరే ఆగిపోతుంది. ఆ ప్రమాణాలను బయటి నుంచి అరువు తెచ్చుకోవడానికి ముందు, కొత్తవారికి చోటును పరిచయం చేసే సంప్రదాయం మన సాహిత్యంలో ఎలా ఉందో చూడటం అవసరం.

2. ఆకలిగొన్న వ్యాసుడు, దారి తెలిసిన అగస్త్యుడు:

దక్షారామ మాహాత్మ్యాన్ని చెప్పే భీమేశ్వర పురాణాన్ని శ్రీనాథుడు రాజమహేంద్రవర రెడ్డి రాజ్యంలో మంత్రియైన బెండపూడి అన్నామాత్యునికి అంకితమిచ్చాడు. క్షేత్రమాహాత్మ్య కావ్యంగా దానిపై చర్చ ఉన్నదే. ఇక్కడ మనకు కావలసింది దాని కథాచట్రం. కాశిలో వ్యాసుడికి ఇల్లిల్లూ తిరిగినా భిక్ష దొరకదు. ఆకలితో ఆ నగరాన్నే శపించబోతాడు. అన్నపూర్ణ భోజనం పెడుతుంది; శివుడు మాత్రం నగరం విడిచి పొమ్మంటాడు. అలా చోటు కోల్పోయి దక్షిణానికి వచ్చిన వ్యాసుడికి దక్షారామ భూమిని, దాని మహిమను పరిచయం చేసేవాడు అగస్త్యుడు.

ఈ ఎంపికలో గమనించదగిన విషయం ఉంది. అగస్త్యుడు కూడా ఈ నేలలో పుట్టినవాడు కాడు. వింధ్యగర్వభంగం కోసం కాశిని వదిలి దక్షిణానికి వచ్చినవాడు. అంటే కొత్తవానికి చోటును పరిచయం చేసే బాధ్యతను కథ స్థానికునికి అప్పగించలేదు, తనకంటే ముందు అదే దారిలో వచ్చిన మరొక కొత్తవానికి అప్పగించింది. వ్యాసుడు వేదాలను విభజించినవాడు. అతనికి విద్యలో కొరత లేదు. లేనిది ఈ చోటి తెలివిడి మాత్రమే. అగస్త్యుడు ఆ తేడాను ఎరిగి మాట్లాడతాడు.

పురాణకథను బోధనాశాస్త్రంగా మార్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే ఒక ప్రమాణం మాత్రం ఇక్కడి నుంచి తీసుకోవచ్చు. కొత్తవాడు అజ్ఞాని కాడు. ఒక చోట పండితుడై మరొక చోట దారి తెలియనివాడు. వాచకం ఈ రెంటినీ వేరు చేస్తున్నదా, కలిపేస్తున్నదా అన్నది మొదటి ప్రశ్న.

3. పార్వతీశం తెలివితక్కువవాడా?

బారిష్టరు పార్వతీశం తొలి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు యువకుడు సీమకు వెళ్ళి బారిష్టరు కావాలని బయలుదేరిన కథ అది. వంద సంవత్సరాలుగా పాఠకులను నవ్విస్తున్న ఈ నవలను పల్లెటూరి అమాయకుని హాస్యంగా చదవడం పరిపాటి. కొని నెత్తిన పెట్టుకున్న టోపీ ఆడవారిదని అతనికి తరువాత గాని తెలియకపోవడం తెలుగునాట సామెతంత ప్రసిద్ధం.

ఈ హాస్యం దేని మీద నిలిచిందో పరిశీలిస్తే మరొక విషయం తేలుతుంది. పార్వతీశానికి ఆంగ్లం రాకపోలేదు. నరసాపురం ఉన్నత పాఠశాలలో చదువుకున్నవాడు. పాఠశాల అతనికి వ్యాకరణం ఇచ్చింది, పద్యాలు ఇచ్చింది. ఏ టోపీ ఎవరిదో, ఏ బల్ల దగ్గర ఎలా కూర్చోవాలో, ఎవరిని ఏ మాటతో పలకరించాలో ఇవ్వలేదు. అతని పొరపాట్లలో ఎక్కువ భాగం భాషాదోషాలు కావు. వస్తువులతో, మనుషులతో వ్యవహరించే తీరు తెలియక జరిగినవి. వలసపాలనలోని ఆంగ్లవిద్య ఆంగ్ల గ్రంథాలను నేర్పి ఆంగ్ల జీవితాన్ని నేర్పలేదని చూపిన విమర్శగా ఈ నవలను చదవడానికి ఇది తగిన ఆధారం.

కన్యాశుల్కంలోని గిరీశాన్ని పక్కన పెట్టి చూస్తే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. వెంకటేశానికి గిరీశం చెప్పే ఆంగ్లం ఎవరితోనూ వ్యవహరించడానికి పనికిరాదు. అది వినేవారిని నోరు మూయించే అలంకారం. గిరీశం భాషను ప్రదర్శిస్తాడు, పార్వతీశం దానితో బతకడానికి ప్రయత్నించి తడబడతాడు. మొదటివాని ఆంగ్లానికి పరీక్ష ఎదురుకాదు. రెండోవాని ఆంగ్లానికి ప్రతి మెట్టులోనూ పరీక్షే.

పార్వతీశం కథ ఉత్తమ పురుషలో సాగుతుంది. పడినవాడే తన పాటును చెప్పుకొని నవ్విస్తున్నాడు. ఆ నవ్వులో అవమానం లేకపోవడానికి కారణం ఇదే. మూడు భాగాలు ముగిసేనాటికి అతడు చదువు పూర్తిచేసి స్వదేశానికి వచ్చి, జాతీయోద్యమ కాలంలో తన చోటును వెతుక్కున్న మనిషి. కాబట్టి పాఠకుడు నవ్వుతున్నది తెలివితక్కువతనాన్ని చూసి కాదు. ముందుగా చెప్పేవారు లేక తనంతట తాను నేర్చుకున్నవాని శ్రమను చూసి. కొత్తవారి పొరపాటును ఎవరు చెబుతున్నారు, ఎవరు నవ్వుతున్నారు అన్నది మన రెండో ప్రశ్న.

4. ఎవరికి వాచకం దొరికింది?

ఇదే డెల్టా చరిత్రలో వ్యతిరేక దిశలో వచ్చిన కొత్తవారూ ఉన్నారు. తూర్పు ఇండియా కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకున్నది అక్కడే. ఆయన వ్యాకరణం 1840లో, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చాయి. మచిలీపట్నంలో పనిచేసిన క్రైస్తవ మిషనరీ ఎ.హెచ్. ఆర్డెన్ వ్యాకరణం 1873లో వెలువడింది. పండితుల భాష ఒకటి, జనం మాట్లాడే భాష ఒకటి అని గుర్తించి, వాడుకభాషకు ప్రత్యేకంగా చోటివ్వడం ఆర్డెన్ ప్రత్యేకత.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, పుస్తకాల్లోని తెలుగుకూ వీధిలో వినిపించే తెలుగుకూ ఎందుకింత దూరమని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ, గిడుగులను కదిలించిన వైనం వ్యావహారిక భాషోద్యమ చరిత్రలో సుప్రసిద్ధం. కొత్తవారి ప్రశ్న ఆతిథ్యమిచ్చిన భాషనే మార్చగలదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

అయితే యేట్స్ ప్రశ్నకు బరువు రావడానికి అతని పదవి కూడా ఒక కారణమని మరువరాదు. అదే కాలంలో కాకినాడ, కోరంగి తీరాల నుంచి వేలాది తెలుగు కూలీలు రంగూనుకు ఓడలెక్కారు. కోరంగి పేరే బర్మాలో తెలుగువారికి పేరైంది. వారు బర్మీ భాషను, అక్కడి రేవుల్లో, మిల్లుల్లో బతుకును పని చేస్తూనే నేర్చుకున్నారు. అధికారంతో వచ్చిన కొత్తవానికి కళాశాల, నిఘంటువు, మున్షీ. కూలికి వెళ్ళిన కొత్తవానికి మేస్త్రీ అదిలింపు. వాచకాల చరిత్రను ఈ అసమానత నుంచి విడదీసి చదవలేం.

5. అమెరికా నేర్పిన పాఠం:

వలసదారులకు వ్యావహారిక ఆంగ్లం నేర్పడంలో అమెరికాకు సుదీర్ఘ అనుభవం ఉంది. 1906 నాటి చట్టం పౌరసత్వానికి ఆంగ్లంలో మాట్లాడగలగడాన్ని షరతు చేసింది. ఆ దశకంలోనే వై.ఎం.సి.ఎ. తరఫున పీటర్ రాబర్ట్స్ రూపొందించిన పద్ధతి ఉదయం నిద్ర లేవడం వంటి దినచర్యలతో మొదలై, ఇల్లు, పని, అంగడి అనే వరుసలో వాక్యాలు నేర్పింది. వ్యాకరణ సూత్రాలతో కాక జీవితంలోని పనులతో ఆరంభించడం నిజంగా ముందడుగు.

కానీ అదే కదలికకు మరొక ముఖముంది. 1914లో హెన్రీ ఫోర్డ్ తన కార్మికుల కోసం ప్రారంభించిన ఆంగ్ల పాఠశాల భాషతోపాటు శుభ్రత, పొదుపు, నడవడి కూడా నేర్పింది. పట్టా ప్రదానోత్సవంలో కార్మికులు తమ దేశాల దుస్తులతో ఒక పెద్ద కొప్పెరలోకి దిగి, అమెరికన్ సూట్లు ధరించి బయటికి వచ్చే ప్రదర్శన ఉండేది. దినచర్యను నేర్పడం ఏ క్షణాన మనిషిని మార్చడంగా పరిణమిస్తుందో చెప్పడానికి ఆ కొప్పెర చాలు.

1985లో ఎల్సా ఔర్‌బాక్, డెనీస్ బర్జెస్ ఈ తరహా పాఠ్యపుస్తకాలలోని అంతర్లీన ప్రణాళికను విశ్లేషించారు. మనుగడకు కావలసిన ఆంగ్లం పేరుతో వచ్చిన పుస్తకాలు కొత్తవారిని తలవంచే పాత్రలకే సిద్ధం చేస్తున్నాయని, అనుమతి అడగడం, క్షమాపణ చెప్పడం నేర్పినంతగా అభ్యంతరం చెప్పడం నేర్పడం లేదని వారి వాదన. తెలుగు ప్రయాణికుల సామగ్రికి ఈ విమర్శ ఎంతవరకు వర్తిస్తుందో ఇప్పుడు చూద్దాం.

6. 'అండి' ఎక్కడికి పోయింది?

తెలుగు మాధ్యమంగా ఆంగ్లం నేర్పే పుస్తకాలలో ప్రధానమైన పద్ధతి ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు దాని ఆంగ్ల రూపం. ఈ పద్ధతి పదార్థాన్ని దాటిస్తుంది గాని మర్యాదను దాటించదు. 'నీళ్ళివ్వండి' అన్న మాటలో గౌరవమంతా 'అండి' అన్న రెండక్షరాల్లో ఉంది. దానిని 'గివ్ మీ వాటర్' అని మారిస్తే అర్థం మిగిలి మర్యాద రాలిపోతుంది. ఆంగ్లంలో ఆ మర్యాద క్రియ చివర ఉండదు. 'కుడ్ ఐ హ్యావ్' వంటి ప్రశ్నారూపంలో వాక్యం మొదట్లోనే ఉంటుంది. మాటల పొందికకు పేరుపడ్డ గోదావరి జిల్లా మనిషి అమెరికా అంగడిలో మొరటువాడిగా వినిపించడానికి కారణం సంస్కారలోపం కాదు. ఒక భాషలో ప్రత్యయంగా ఉన్నది మరొక భాషలో వాక్యనిర్మాణంగా ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇటువంటివే మరికొన్ని. సెలవు తీసుకునేటప్పుడు మనం 'వెళ్ళొస్తానండి' అంటాం. 'వెళ్తాను' అనడం అశుభం. దానిని ఉన్నదున్నట్టు ఆంగ్లంలో చెబితే విన్నవారు తిరిగి వస్తారని ఎదురుచూస్తారు. మనవారి 'భోంచేశారా' పలకరింపే గాని విచారణ కాదు. అలాగే అక్కడి 'హౌ ఆర్ యు' కూడా పలకరింపే. దానికి జవాబుగా మోకాలి నొప్పి వివరించనక్కరలేదు. ఈ రెండు పలకరింపులూ ఒకే జాతివని చెప్పిన వాచకం ఆంగ్లాన్ని సులభం చేయడమే కాక, తెలుగును కూడా గౌరవించినదవుతుంది.

అన్నిటికంటే ఇబ్బందికరమైనది 'వద్దండి'. మన వైపు మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి అడగడం ఇంటివారి ధర్మం, కొసరి వడ్డించడం ప్రేమ. అమెరికా ఇంట్లో మొదటి 'నో, థాంక్యూ'నే తుది మాటగా తీసుకుంటారు. మళ్ళీ అడగకపోవడం అక్కడ అతిథి మాటను గౌరవించడం. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, అతిథి మాత్రం ఆకలితో లేస్తాడు. కాశిలో వ్యాసుడి కోపం వంటిదే ఈ చోట కొత్తవారి మనసులోనూ పుడుతుంది. దానిని నివారించేది ఒక్క వాక్యం వివరణ.

తేదీలో నెల ముందు వస్తుందని, మన గ్రౌండ్ ఫ్లోరే అక్కడ మొదటి అంతస్తని, వస్తువుపై రాసిన ధరకు చాలా రాష్ట్రాల్లో అమ్మకపు పన్ను వేరుగా కలుస్తుందని, హోటల్లో వడ్డించినవారికి బిల్లుపై కొంత శాతం ఇవ్వడం ఆనవాయితీ అని చాలా సామగ్రి చెబుతుంది; అది మేలే. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారికి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గళ్ళు తెచ్చే చిక్కును కూడా చెప్పాలి. పాస్‌పోర్టులో, టిక్కెట్టులో, వైద్యశాల రికార్డులో ఒకే మనిషి మూడు పేర్లతో ఉండటం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

7. చెప్పనివి:

ఒక వాచకం విలువ అందులో ఉన్నవాటితోపాటు లేనివాటిని బట్టి కూడా తేలుతుంది. వైద్యుని దగ్గర సంభాషణ అనే పాఠం దాదాపు ప్రతి పుస్తకంలో ఉంటుంది. కడుపునొప్పి, జ్వరం, తలతిరుగుడు - లక్షణాల పట్టిక ఉంటుంది. 'నాకు తెలుగు దుబాసీ కావాలి' అన్న వాక్యం ఉండవలసిన చోట తరచు ఖాళీయే కనిపిస్తుంది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం, సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే సంస్థలు జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తుంది. భాష రాదన్న కారణంతో సేవను అందనీయకపోవడం కూడా ఆ పరిధిలోకి వస్తుందన్న అవగాహనకు 1974లో లా వర్సెస్ నికోల్స్ తీర్పు దారితీసింది. ఆ దేశపు వైద్యశాలల్లో దుబాసీ సేవలకు ఉన్న పునాది ఇదే. అరవై ఐదేళ్ళ తల్లి ఛాతీలో బరువును ఆంగ్లంలో వర్ణించలేకపోవచ్చు. ఆమెకు కావలసినది ముప్పై లక్షణాల పేర్లు కాదు, దుబాసీని కోరే ఒక్క వాక్యం, అత్యవసరానికి 911 అన్న మూడంకెలు, తానున్న ఇంటి చిరునామా. ఇక్కడ పాఠ్యాంశాల ఎంపిక ప్రాణానికి సంబంధించిన విషయమవుతుంది.

విమానాశ్రయ సంభాషణల్లోనూ ఇదే ధోరణి. అధికారి అడిగే ప్రశ్నలకు ముందే తయారైన జవాబులు కంఠస్థం చేయిస్తారు. ప్రశ్న మాట మారితే కంఠస్థం చేసిన జవాబు తప్పు జవాబవుతుంది. 'నాకు అర్థం కాలేదు, నెమ్మదిగా మళ్ళీ చెప్పండి' అనగలగడం వంద జవాబుల కంటే విలువైనది. సంభాషణ తెగినప్పుడు దానిని అతికించే ఈ వాక్యాలే నిజమైన వ్యావహారిక భాష. డెల్ హైమ్స్ ప్రతిపాదించిన సంభాషణ సామర్థ్య భావన వ్యాకరణశుద్ధితోపాటు సందర్భౌచిత్యాన్ని కూడా భాషాజ్ఞానంలో భాగం చేసి అర్ధ శతాబ్దం దాటింది. మన అంగడి పుస్తకాలలో ఎక్కువ భాగం ఇంకా పదాల పట్టిక దగ్గరే ఉన్నాయి.

ఇందుకు ఎదురుగా ఒక అభ్యంతరం రావచ్చు. కొన్ని నెలల సందర్శనకు వెళ్ళే వృద్ధులకు ఇంత బోధన ఎందుకు, బిడ్డలు పక్కనే ఉంటారు కదా అని. నిజానికి బిడ్డలు పగలంతా పనిలో ఉంటారు. కారు నడపలేని, ఫోను ఎత్తలేని, పక్కింటివారిని పలకరించలేని పెద్దవారు ఇంట్లోనే బందీలవుతారు. ఊళ్ళో పదిమందికి తీర్పు చెప్పిన మనిషి అక్కడ మనుమడిని అనువాదకునిగా పెట్టుకోవలసి రావడం కుటుంబంలోని పెద్దరికపు వరుసనే తలకిందులు చేస్తుంది. ఈ నష్టం పరీక్షల మార్కులలో కనిపించదు కాబట్టి బోధనారంగం దీనిని లెక్కించలేదు.

8. ముందు వెళ్ళినవారు:

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలి ఏళ్ళలో బోస్టన్ చేరాడు. వైద్యవిద్య అభ్యసించి వెళ్ళిన ఆయన జీవిక కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేయవలసి వచ్చింది. ఆ కాలంలోనే థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పునిచ్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంది. ఎంత ఆంగ్లం వచ్చినా, ఎంత ప్రతిభ ఉన్నా చట్టం ఒప్పుకోని చోట కొత్తవాడు కొత్తవాడుగానే ఉంటాడని ఈ చరిత్ర చెబుతుంది. భాష నేర్చుకుంటే చాలు అంతా అందుతుందనే వాచకాల అభయం పాక్షిక సత్యమే.

1965 వలస చట్టం తరువాత వెళ్ళిన తెలుగువారు 1977 నాటికి ఉత్తర అమెరికా తెలుగు సంఘాన్ని స్థాపించుకున్నారు. అక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు నేర్పడానికి నేడు పాఠ్యప్రణాళికలు, తరగతులు, పరీక్షలు ఉన్నాయి. ఆ శ్రద్ధలో కొంత భాగమైనా ఇక్కడి నుంచి వెళ్ళే పెద్దలకు ఆంగ్లం నేర్పడంపై పెడితే, అగస్త్యుని పాత్ర పోషించగలవారు వేలమంది ఉన్నారు. ఇటు ద్రాక్షారామం వంటి ఊళ్ళలో వెళ్ళి వచ్చిన తల్లులు, తండ్రులు ఉన్నారు. ఎక్కడ తడబడ్డారో, ఏ మాట అక్కరకు వచ్చిందో వారికి తెలుసు. డిగ్రీ కళాశాలల తెలుగు, ఆంగ్ల శాఖలు కలిసి ఆ అనుభవాలను సేకరించి పాఠాలుగా కూర్చడం సాధ్యమైన పరిశోధనే. పార్వతీశం వలె వారే చెప్పుకుంటే అందులో హాస్యమూ ఉంటుంది, అవమానం ఉండదు.

9. ఉపసంహారం:

పై పరిశీలన నుంచి కొత్తవారి వాచకానికి మూడు గీటురాళ్ళు తేలుతున్నాయి. ఒకటి, అది అభ్యాసకుని అజ్ఞానిగా కాక మరొక చోటి జ్ఞానిగా చూడాలి. అతని భాషలోని మర్యాదను ఆధారం చేసుకొని కొత్త భాషలోని మర్యాదను చూపాలి. రెండు, ఆతిథ్య దేశపు అలవాటును అలవాటుగానే చెప్పాలి, నాగరికతగా చెప్పకూడదు. ఫోర్డు కొప్పెరకూ అగస్త్యుని మాటకూ ఉన్న తేడా అదే. మూడు, అది వినయంతోపాటు ప్రశ్నను, నిరాకరణను, సహాయం కోరే హక్కును కూడా నేర్పాలి.

ఈ మూడింటిలో మొదటిది మనవారి పుస్తకాలలో అరుదు, రెండోది అస్పష్టం, మూడోది దాదాపు లేదు. ఒకప్పుడు మన భాష నేర్చుకోవడానికి వచ్చినవాని ప్రశ్నను ఆదరించి తెలుగు తన వచనాన్నే దిద్దుకుంది. నేడు మన ఇళ్ళ నుంచి బయలుదేరుతున్న పెద్దవారు అడుగుతున్న ప్రశ్నలు అంతకంటే చిన్నవి కావు. వాటికి సమాధానం రాయడం వ్యాపార ప్రచురణకర్తల పనిగానే మిగిలిపోకుండా, భాషాబోధకుల, పరిశోధకుల బాధ్యత కూడా కావాలి.